వాన రోజు డిస్మల్ స్వాంప్ కాలువలో తెరచాప పడవ: బయల్దేరాలా, ఆగాలా?

రాలీ_రైతుబిడ్డ (నార్త్ కరోలినా)

అందరికీ నమస్కారం. మా ఫ్రెండ్ వాళ్ళ 32 అడుగుల తెరచాప పడవను వర్జీనియాలోని నార్ఫోక్ నుంచి నార్త్ కరోలినాలోని ఓరియెంటల్ దాకా తీసుకెళ్ళాలి. చలికాలమంతా అక్కడే కట్టేస్తాడట. పడవ నీళ్ళలోకి నాలుగున్నర అడుగులు దిగుతుంది, తెరచాప కట్టే నిలువు కొయ్య ఎత్తు యాంటెన్నాతో కలిపి 48 అడుగులు. డీజిల్ ఇంజన్, సర్వీసింగ్ ఈమధ్యే అయింది. పడవలో నేను, మా ఆవిడ, ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు ఉంటాం. చెసపీక్ బేలో పడవ నడిపిన అనుభవం నాకు బాగానే ఉంది గానీ కాలువలు, లాకులు (నీటిమట్టం మార్చి పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు) కొత్త.

గురువారం రోజంతా ముసురంటున్నారు, ఈశాన్య గాలి 10 నుంచి 15 నాట్లు (గాలి, పడవ వేగాల కొలత). శుక్రవారం గాలి 25 దాకా పెరిగి ఉరుములు కూడా ఉండొచ్చట. శనివారం మధ్యాహ్నానికి తెరిపి ఇస్తుందని అంచనా. గురువారం బయల్దేరి డిస్మల్ స్వాంప్ కాలువలోకి వెళ్ళొచ్చా? లేక వాన వెలిసేదాకా నార్ఫోక్‌లోనే ఉండాలా? ఈ దారిలో వెళ్ళినవాళ్ళు చెప్పండి.

ఒడ్డు_నేస్తం (రిచ్‌మండ్)

నేనైతే ఆగమనే అంటాను. పెద్దాయన వెంట ఉన్నారు. అక్టోబరు చివర వానంటే మన ఊరి వాన కాదు, ఎముకల్లోకి దిగే చలి. తడిసిన డెక్ మీద కాలు జారితే సెలవు కాస్తా హాస్పిటల్ పాలవుతుంది. రెండు రోజులు హోటల్లో ఉంటే పోయేదేముంది అండీ?

చుక్కాని (చెసపీక్, వర్జీనియా)

ఒడ్డు_నేస్తం గారు చెప్పిన జాగ్రత్త సరైనదే. కానీ రైతుబిడ్డ గారూ, గురువారం వేరు, శుక్రవారం వేరు. రెండిటినీ ఒకే గాటన కట్టకండి. వానొక్కటే అయితే పడవకు ఏమీ కాదు. చూసుకోవాల్సినవి గాలి, పిడుగు, ఎదుటిది కనబడకపోవడం. గురువారం ఈ మూడింట్లో కాస్త కనబడకపోవడం ఒక్కటే ఉంది. అలాంటి రోజుకు ఈ కాలువంత మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు.

ఎందుకంటే నార్ఫోక్ నుంచి దక్షిణానికి దిగే ఇంట్రాకోస్టల్ జలమార్గం (తీరం వెంట లోపలి నీళ్ళ మీదుగా పోయే పడవ దారి) ఏడో మైలు దాటాక రెండుగా చీలుతుంది. ఎడమ దారి గ్రేట్ బ్రిడ్జ్ లాకు మీదుగా అల్బెమార్ల్ అండ్ చెసపీక్ కాలువలోకి వెళ్తుంది, దీన్నే వర్జీనియా కట్ అంటారు. బార్జీలన్నీ అటే పోతాయి. దారి వెడల్పే గానీ తర్వాత వచ్చే కరిటక్ సౌండ్‌లో (సౌండ్ అంటే తీరం పక్కన ఉండే విశాలమైన లోతు తక్కువ నీళ్ళు) గాలికి అడ్డేమీ ఉండదు. కుడి దారి డీప్ క్రీక్ లాకు దగ్గర డిస్మల్ స్వాంప్ కాలువలోకి ఎక్కుతుంది. 22 మైళ్ళ కాలువ, చాలావరకు గీత గీసినట్టు తిన్నగా పోతుంది, రెండు వైపులా చెట్లు. బయట 15 నాట్ల గాలి వీస్తున్నా లోపల నీటి మీద చిన్న అలలే కనిపిస్తాయి. తెరచాప విప్పే పని లేదు, అంతా ఇంజన్ మీదే. మామూలుగా లోతు 6 అడుగులు ఉంచుతారు, మీకు సరిపోతుంది. ఇంట్రాకోస్టల్ మీద కదలని వంతెనల ఎత్తు సాధారణంగా 65 అడుగులు కాబట్టి మీ కొయ్యకూ బెంగ లేదు.

డీప్ క్రీక్, సౌత్ మిల్స్ లాకులు రోజుకు నాలుగుసార్లు తెరుస్తారు: ఉదయం 8:30, 11, మధ్యాహ్నం 1:30, 3:30. నీటిమట్టాన్ని బట్టి వేళలు మారొచ్చు, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. 11 గంటలది పట్టుకోండి. నార్ఫోక్‌లో తెల్లారాక తీరిగ్గా బయల్దేరినా అందుతుంది. లాకు దాటాక మూడున్నర గంటల్లో నార్త్ కరోలినా సరిహద్దు దాటి డిస్మల్ స్వాంప్ వెల్‌కమ్ సెంటర్ చేరతారు. పక్కనే హైవే 17, అటు కార్లు, ఇటు పడవలు ఆగే చోటు అది. కట్టుకోవడానికి డబ్బేమీ తీసుకోరు. చోటు తక్కువైతే ఒకరి పడవ పక్కన ఇంకొకరు కట్టుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. మీరే ముందొస్తే ఫెండర్లు (పడవ ఒరుసుకోకుండా వేలాడదీసే మెత్తలు) బయటి వైపు కూడా వేలాడదీసి ఉంచండి.

శుక్రవారం అక్కడే ఉండిపోండి. శనివారం గాలి తగ్గాక సౌత్ మిల్స్ లాకు దిగి, పాస్కోటాంక్ నది వెంట ఎలిజబెత్ సిటీ చేరండి. అల్బెమార్ల్ సౌండ్ దాటడం ఆదివారానికి పెట్టుకోండి. ఆ సౌండ్ సంగతి విడిగా రాస్తాను, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

వాన రోజున ఈ కాలువలో జాగ్రత్త పడాల్సిన వాటిలో మొదటిది నీళ్ళలో మునిగి ఉన్న దుంగలు. ఎండలో అయితే నీటి మీద చిన్న మెలిక చూసి పసిగట్టొచ్చు. చినుకులు పడుతుంటే నీళ్ళన్నీ ఒకేలా కనబడతాయి. అందుకే కాలువ మధ్యలోనే, మెల్లగా పోవాలి. ఒడ్డుకు జరిగితే ఇంకో తంటా, తడి బరువుకు వంగిన కొమ్మలు కొయ్య మీది గాలి మీటర్‌ను, యాంటెన్నాను విరిచేస్తాయి. కింద దుంగలు చూస్తూ పైన కొమ్మలు మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. ఒకరు చుక్కాని దగ్గర ఉంటే ఇంకొకరు పైకి చూస్తూ ఉండాలి.

రెండోది ఇంజన్‌కు నీళ్ళు తీసుకునే వడపోత. నీటి మీద పచ్చగా తేలే చిన్న ఆకుల నాచు కొన్ని సీజన్లలో కాలువను కప్పేస్తుంది. అది వడపోతలో చిక్కుకుంటే ఇంజన్ వేడెక్కుతుంది. పొగగొట్టం నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయో లేదో వెనక్కి తొంగి చూస్తూ ఉండండి. వాన చప్పుడులో ఆ శబ్దం మార్పు చెవికి ఆనదు, కళ్ళతోనే చూడాలి.

లైట్లు పగలే వేసుకోండి. సరిగ్గా కనబడనప్పుడు పగలైనా లైట్లు ఉండాలన్నది రూలు. ఇంజన్ మీద పోతున్న తెరచాప పడవను రూలు ప్రకారం ఇంజన్ పడవగానే లెక్కేస్తారు. కాబట్టి మంచు కమ్మినా, కుండపోత పడినా రెండు నిమిషాలకు మించి ఎడం లేకుండా ఒక దీర్ఘమైన హారన్ కొట్టాలి. లాకులతో, వంతెనలతో మాటలన్నీ వీహెచ్ఎఫ్ రేడియో ఛానల్ 13లో.

మెరుపు_ఇంజనీర్ (షార్లెట్)

ఉరుముల గురించి కూడా రెండు మాటలు. మెరుపు చూశాక 30 సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే పిడుగు మీకు అందేంత దూరంలోనే ఉందని అర్థం. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. పడవలో పిడుగు నుంచి గ్యారంటీ ఇచ్చే పరికరం ఏదీ లేదు. కొయ్యను కీల్‌కు (పడవ అడుగున ఉండే బరువైన వెన్ను) లావుపాటి రాగి తీగతో కలిపితే కరెంటుకు దారి దొరుకుతుంది, అంతే. అందరూ క్యాబిన్‌లో కూర్చోవాలి. కొయ్య క్యాబిన్ గుండా దిగే చోటునూ, దాన్ని పట్టి ఉంచే స్టీలు తీగలనూ ముట్టుకోకూడదు. రెండు ఇనుప వస్తువులను ఒకేసారి రెండు చేతులతో పట్టుకోవడం అసలు వద్దు. రేడియో యాంటెన్నా వైరు పీకేయండి. చేతి రేడియో, ఒక ఫోన్ తీసి ఓవెన్‌లో పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, చుట్టూ ఇనుప పెట్టె ఉంటుంది కదా అని. పెట్టిన సంగతి స్టవ్ మీద కాగితం అంటించి రాయండి.

శుక్రవారం ఉరుములు మొదలైతే పడవలో కూర్చోనక్కర్లేదు. చుక్కాని గారు చెప్పిన చోట పక్కనే పక్కా భవనం ఉంది. నాన్నగారిని తీసుకుని అందులోకి వెళ్ళిపోండి.

నారిచ్_నుంచి (ఇంగ్లాండ్)

ఇక్కడ ఇంగ్లాండ్‌లోని మా నార్ఫోక్ (మీ వర్జీనియా నార్ఫోక్ కాదు) బ్రాడ్స్‌లో వాన లేని సెలవు దొరకడం కష్టం, అందుకే బట్టల గురించి నేను చెప్తాను. బ్రాడ్స్ అంటే 125 మైళ్ళకు పైగా పడవలు తిరిగే నదులు, చెరువులు, ఒక్క లాకు కూడా ఉండదు. ఆ చెరువులు సహజంగా ఏర్పడ్డవి కావు. మధ్యయుగాల్లో పీట్ (పొయ్యిలోకి వాడే కుళ్ళిన మొక్కల మట్టి) తవ్వుకున్న గోతుల్లోకి నీళ్ళు వచ్చి చేరినవి. జాయిస్ లాంబర్ట్ అనే శాస్త్రవేత్త 1950ల్లో మట్టి నమూనాలు తీసి అది తేల్చేదాకా అవి సహజమైనవే అని చాలామంది అనుకునేవాళ్ళు. అక్కడి లడమ్ అనే ఊళ్ళో 1930ల నాటి చెక్క పడవలు ఇప్పటికీ అద్దెకిస్తారు. వాటికి ఇంజన్ ఉండదు. గాలి లేకపోతే పొడవాటి గెడ నేలకు ఆనించి డెక్ మీద నడుస్తూ తోయడమే. వానలో ఆ గెడ పట్టు జారుతూ ఉంటుంది, చేతికి గ్లవ్స్ ఉంటేనే పని నడుస్తుంది. పాటర్ హైగమ్ అనే ఇంకో ఊళ్ళో మధ్యయుగాల నాటి రాతి వంతెన ఉంది. దాని కింద దూరాలంటే కొయ్య మొత్తం పడుకోబెట్టాలి. తడిసిన తెరచాపను ఆ హడావిడిలో ఎలాగోలా చుట్టి పక్కన పడేస్తే బూజు పట్టడం ఖాయం.

ఇక బట్టలు. లోపల నూలు బనియన్ వేసుకోకండి, ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఒంటికి చల్లగా అంటుకునే ఉంటుంది. ఉన్ని గానీ, సింథటిక్ గానీ వేసుకోవాలి. పైన వానకోటు ప్యాంటు, కోటు విడివిడిగా ఉండాలి. మెడ దగ్గర ఒక చిన్న టవల్ చుట్టుకుంటే నీళ్ళు వీపు మీదికి దిగవు. ఇంతకన్నా ముఖ్యం, పొడి బట్టల జత ఒకటి గట్టి ప్లాస్టిక్ కవర్లో కట్టి, రాత్రి దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకోండి. తడి బట్టలు మెట్ల దగ్గరే విప్పేయాలి, పరుపుల దాకా రానివ్వొద్దు. క్యాబిన్‌లో వంట చేస్తే ఆవిరికి గోడలు చెమర్చుతాయి, కిటికీ కాస్త తెరిచి ఉంచండి. తలుపులన్నీ బిగించి లోపల స్టవ్ గానీ హీటర్ గానీ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం, అలారం బ్యాటరీ చూసుకోండి.

నాన్నగారికి ఫ్లాస్కులో అల్లం టీ. గంటకోసారి అడిగి ఇవ్వండి, పెద్దవాళ్ళు చలేస్తోందని వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

గోదారిగట్టు (రావులపాలెం)

రైతుబిడ్డ బాబూ, మీ నాన్నగారిది ఏ ఊరు? గోదావరి జిల్లాలైతే లాకుల గురించి ఆయన్నే అడుగు. మా చిన్నతనంలో అమలాపురం వెళ్ళడానికి పడవే దిక్కు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేశాక తవ్విన కాలువలు పొలాలకు నీళ్ళిచ్చినట్టే పడవలకు దారీ ఇచ్చాయి. ధాన్యం, కొబ్బరి, కలప అన్నీ నీటి మీదే. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళు. వానాకాలంలో ఆ గట్టు రేగడి బురద. కాలు మోకాలి దాకా దిగిపోయేది. పడవలో ఉన్నవాళ్ళు తాటాకు కప్పు కింద కూర్చుంటే లాగేవాడికి తలమీద గోనెసంచి ఒక్కటే రక్ష. ఆ మనుషుల గురించి ఎవరూ రాయలేదు, అది నాకు ఎప్పుడూ బాధే.

లాకులో పని ఎక్కడైనా ఒకటే. రెండు తలుపుల మధ్య పడవ నిలబడుతుంది, నీళ్ళు ఎక్కుతాయి లేదా దిగుతాయి. తాడు బిగించి కట్టేయకూడదు. నీళ్ళు దిగుతుంటే కట్టేసిన పడవ తాడుకి వేలాడి ఒరిగిపోతుంది. గుంజకు ఒక చుట్టు తిప్పి, కొస చేతిలో పట్టుకుని వదులుతూ ఉండాలి. చెయ్యి గుంజకూ తాడుకూ మధ్యలోకి పోనివ్వకూడదు. తడి తాడు పొడి తాడులా నడవదు, ఒక్కసారి పట్టేసి, ఒక్కసారి జారుతుంది.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా మన కాలువలన్నీ కలిపి 2008లో జాతీయ జలమార్గం 4 అన్నారు. బకింగ్‌హామ్ కాలువ కూడా అందులోదే. 1876-78 కరువులో కూలికోసం వచ్చిన జనం చేత దాంట్లో కొంత భాగం తవ్వించారు. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. మీరు అక్కడ 200 ఏళ్ళనాటి కాలువలో ఇంకా పడవ వేసుకుని తిరుగుతున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

రాలీ_రైతుబిడ్డ

గోదారిగట్టు గారూ, మాది ఆలమూరు దగ్గర పల్లెటూరు అండి! మీ పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. ధవళేశ్వరం లాకు దగ్గర గంటలకొద్దీ కూర్చుని పడవలు ఎక్కడం, దిగడం చూసేవాడినని చెప్పారు. హోటల్ అన్న మాట వినగానే ఆయనే వద్దన్నారు. గురువారం బయల్దేరుతున్నాం.

పాత_పుటలు (వాషింగ్టన్ డీసీ)

బయల్దేరే ముందు ఈ కాలువ ఎవరు తవ్వారో కూడా తెలుసుకుని వెళ్ళండి. గోదారిగట్టు గారి బాధ చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

తవ్వకం 1793లో మొదలై 1805లో పడవలు తిరిగే స్థితికి వచ్చింది. పని చేసినవాళ్ళలో ఎక్కువమంది యజమానులు కూలికి పంపిన నల్లజాతి బానిసలు. నడుములోతు బురదలో, చేతి పనిముట్లతో, దోమల మధ్య చెట్ల వేర్లు నరుకుతూ తవ్వారు. కూలి డబ్బులు యజమాని జేబులోకి పోయేవి. అదే చిత్తడి అడవి లోపల, కాస్త మెరక తేలిన దిబ్బల మీద, బానిసత్వం నుంచి పారిపోయిన మనుషులు తరాలపాటు దాక్కుని బతికారు. వెతికేవాళ్ళు ఆ బురదలోకి అంతదూరం రాలేకపోయారు.

కామ్డెన్ కౌంటీలో పుట్టిన మోజెస్ గ్రాండీ అనే ఆయన బానిసగా ఉంటూనే ఈ కాలువ మీద సరుకు పడవలు నడిపాడు. సంపాదించిన డబ్బుతో తన స్వేచ్ఛ తానే కొనుక్కున్నాడు. డబ్బు తీసుకుని మోసం చేస్తే మళ్ళీ కూడబెట్టాడు. అలా మూడుసార్లు చెల్లిస్తే గానీ విడుదల కాలేదు. ఆయన జీవితకథ 1843లో లండన్‌లో అచ్చయింది. మీరు వానకోటు వేసుకుని వెళ్ళే దారి అది. దారిలో నాన్నగారికి ఈ సంగతి చెప్పండి.

చుక్కాని

పాత_పుటలు గారికి ధన్యవాదాలు. వెల్‌కమ్ సెంటర్ పక్కనే ఉన్న స్టేట్ పార్క్‌లో ఈ చరిత్ర గురించి చూడొచ్చు, శుక్రవారం వాన తెరిపిస్తే వెళ్ళండి.

ఇక అల్బెమార్ల్ సౌండ్. ఎలిజబెత్ సిటీ దాటి పాస్కోటాంక్ నది నోట్లోంచి బయటపడితే అవతల అలిగేటర్ నది దాకా ఖాళీ నీళ్ళు. లోతు చాలాచోట్ల 20 అడుగులకు లోపే. తూర్పు పడమరలుగా పొడవాటి సౌండ్ కాబట్టి తూర్పుగాలి గానీ పడమటి గాలి గానీ పడితే అల లేవడానికి బోలెడు దూరం దొరుకుతుంది. లోతు లేనందువల్ల ఆ అలలు పొడుగ్గా సాగవు, పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి కొడతాయి. సముద్రంలో అలవాటున్నవాళ్ళు కూడా ఇక్కడ బెంబేలెత్తిపోతారు. 20 నాట్లు దాటితే నేను వెళ్ళను. గాలి ఆగాక కూడా అలలు చప్పబడేదాకా కొన్ని గంటలు ఇవ్వాలి. ఇక్కడ నీటిమట్టాన్ని మార్చేది ఆటుపోట్లు కాదు, గాలే. ఒకవైపు నుంచి రోజంతా వీస్తే నీళ్ళు రెండోవైపు పోగుపడతాయి, చార్టులో రాసిన లోతు అచ్చంగా అలాగే ఉంటుందని నమ్మొద్దు.

రాలీ_రైతుబిడ్డ

చేరిపోయాం. ఎలిజబెత్ సిటీ నుంచి రాస్తున్నాను.

గురువారం తెల్లారేసరికి చినుకులు మొదలయ్యాయి. నార్ఫోక్‌లో నేవీ ఓడలు బూడిదరంగు వానలో బూడిదరంగు గోడల్లా నిలబడి ఉన్నాయి. ఎర్ర, ఆకుపచ్చ గుర్తులు దగ్గరికెళ్తే గానీ కనబడలేదు. మా ఆవిడ చార్టు చూసి నంబరు ముందే చెప్పడం, నేను బైనాక్యులర్స్‌తో వెతకడం. ఇంట్రాకోస్టల్ గుర్తుల మీద ఉండే పసుపు త్రికోణం, పసుపు చతురస్రం మాత్రం ఆ మసకలోనూ బాగా తేలాయి. దక్షిణానికి పోతుంటే త్రికోణం కుడివైపు, చతురస్రం ఎడమవైపు.

డీప్ క్రీక్ లాకులో మాతోపాటు ఇంకో రెండు పడవలున్నాయి. వెనక తాడు నాన్నగారు తీసుకున్నారు. నేను వద్దనబోయి ఆగాను. లాకు కీపర్ కర్రతో తాడు అందుకుని గుంజకు తిప్పి కొస మళ్ళీ కిందికి ఇచ్చాడు. నీళ్ళు పైకి వస్తుంటే నాన్నగారు రెండు చేతులతో జానెడు జానెడు లాగుతూ, వదులు తీస్తూ, పడవను గోడకు సమానంగా నిలబెట్టారు. కళ్ళజోడు మీద వాన కారుతున్నా తుడుచుకోలేదు. సుమారు 8 అడుగులు లేచాం. పైకొచ్చాక కీపర్ ఆయన్ని చూసి టోపీ ఎత్తాడు. నాన్నగారికి ఇంగ్లీషు అంతగా రాదు, కీపర్‌కు తెలుగు రాదు. ఇద్దరూ చాలాసేపు తాడు చూపించుకుంటూ ఏదో మాట్లాడుకున్నారు.

కాలువ నీళ్ళ రంగు చూసి మొదట మురికనుకున్నాం. సైప్రస్, జూనిపర్ చెట్ల టానిన్ (బెరడు, ఆకుల్లోంచి ఊరే వగరు రంగు పదార్థం) వల్ల డికాక్షన్ రంగులో ఉంటుందట. గ్లాసులో పట్టి చూస్తే అడుగు స్పష్టంగా కనబడింది. పాతకాలంలో ఓడలవాళ్ళు పీపాల్లో నింపుకుని పోయేవాళ్ళట, తొందరగా పాడవదని. చినుకు పడ్డచోటల్లా తెల్లటి బుడగ లేచి, ఆ ముదురు నీటి మీద కాసేపు తిరిగి పగిలేది. వడపోత రెండుసార్లు తెరిచాం, గుప్పెడు పచ్చ నాచు వచ్చింది. చుక్కాని గారు చెప్పకపోతే పొగగొట్టం వైపు చూడాలని నాకు తోచేది కాదు.

శుక్రవారం వెల్‌కమ్ సెంటర్ దగ్గరే ఉన్నాం. ఉరుములు పొద్దున్న ఒక గంట, మళ్ళీ సాయంత్రం. ఉరిమినప్పుడల్లా భవనంలోకి. పక్క పడవ దంపతులు కెనడా నుంచి ఫ్లోరిడా వెళ్తున్నారు, మా ఆవిడ చేసిన వేడి వేడి ఉప్మా పంపితే వాళ్ళు సూప్ ఇచ్చారు. నాన్నగారికి మోజెస్ గ్రాండీ గురించి చెప్పాను. మూడోసారి డబ్బు కట్టాడన్నచోట ఆపి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నారు.

శనివారం సౌత్ మిల్స్ లాకు దిగి, మెలికలు తిరిగే పాస్కోటాంక్ వెంట వచ్చాం. ఈ ఊళ్ళో 1980ల్లో ఒక పెద్దాయన వచ్చిన పడవలవాళ్ళకు పెరటి గులాబీలు కోసి ఇవ్వడం మొదలుపెట్టారట, పడవలవాళ్ళను ఆదరించే ఊరన్న పేరు ఇప్పటికీ ఉంది. ఆదివారం గాలి వాయవ్యం నుంచి 10 నాట్లు అంటున్నారు. ఉదయం మళ్ళీ చూసుకుని సౌండ్ దాటతాం, ఈసారి తెరచాప ఎత్తొచ్చు.

ఒక ప్రశ్న: పెద్ద తెరచాప కవర్ కింద బాగా తడిసింది. ఇప్పుడే విప్పి ఆరబెట్టాలా?

నారిచ్_నుంచి

రేపు ఎలాగూ ఎత్తుతారు కదా, 10 నాట్లలో రెండు గంటల్లో దానంతట అదే ఆరిపోతుంది. ఈ రాత్రికి కవర్ తీసేసి, మడతలు వదులు చేసి ఉంచండి. ఓరియెంటల్‌లో చలికాలానికి కట్టే ముందు మాత్రం మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక తీసి లోపల పెట్టండి.

ఒడ్డు_నేస్తం

క్షేమంగా చేరినందుకు సంతోషం. రైతుబిడ్డ గారూ, వచ్చే ఏడు మా అమ్మానాన్న వస్తున్నారు. వెల్‌కమ్ సెంటర్ దాకా కారులో వచ్చి, అక్కడ కయాక్ అద్దెకు తీసుకోవచ్చా?

చుక్కాని

పక్కన స్టేట్ పార్క్‌లో అడగండి, అద్దెకు ఉంటాయి. సీజన్‌ను బట్టి వేళలు మారతాయి, ఫోన్ చేసి వెళ్ళండి. వేసవిలో అయితే దోమల మందు మర్చిపోవద్దు.